డీఎం ప్లాంట్ కాటయాన్ రెసిన్ ముదురు గోధుమ రంగుకు తిరిగింది. మార్చాలా, కడిగితే సరిపోతుందా?

అచ్యుతాపురం_యుటిలిటీ:
అందరికీ నమస్కారం. అచ్యుతాపురం వైపు ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో యుటిలిటీస్ చూస్తున్నాను. డీఎం ప్లాంట్ (నీళ్లలో కరిగిన లవణాలు తీసేది) విషయంలో సలహా కావాలి, కాస్త అర్జెంట్.

కాటయాన్ వెసెల్‌లో 1500 లీటర్ల స్ట్రాంగ్ యాసిడ్ రెసిన్ ఉంది, అంటే నీళ్లలోంచి కాల్షియం, సోడియం లాంటివి పట్టుకునే పూసలు. పూసలు నిండాక హెచ్‌సీఎల్‌తో మళ్లీ పనికొచ్చేలా చేస్తాం (రీజనరేషన్), కో-కరెంట్‌లో, అంటే నీళ్లు వచ్చే వైపు నుంచే యాసిడ్ కూడా. ఒకప్పుడు రీజనరేషన్‌కీ రీజనరేషన్‌కీ మధ్య 220 ఘనపు మీటర్ల నీళ్లు వచ్చేవి. ఇప్పుడు 150 దాటేసరికి సోడియం జారిపోతోంది, అనయాన్ వెసెల్ (క్లోరైడ్ లాంటివి పట్టేది) తర్వాత నీళ్ల కండక్టివిటీ ఎక్కిపోతోంది. మ్యాన్‌హోల్ తీసి చూస్తే రెసిన్ తేనె రంగులో ఉండాల్సింది, కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. ప్రెజర్ డ్రాప్ కూడా కొంచెం పెరిగింది.

పచ్చి నీళ్లలో ఐరన్, ఫిల్టర్ తర్వాత, 0.1 పీపీఎం. కార్బన్ ఫిల్టర్ తర్వాత ఫ్రీ క్లోరిన్ లేదు. నీళ్ల లోడ్ పెద్దగా మారలేదు.

ఇంకో సంగతి, దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు. హెచ్‌సీఎల్ స్టోరేజ్ ట్యాంక్ (10 వేల లీటర్లు, మైల్డ్ స్టీల్, లోపల రబ్బర్ లైనింగ్) చుట్టుపక్కల ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) 304 రెయిలింగ్, కేబుల్ ట్రేలు, ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్ ట్యూబింగ్ అన్నీ తుప్పు పట్టాయి. ట్యూబింగ్‌కి సూది బెజ్జాలు పడుతున్నాయి. ప్రాజెక్ట్స్ వాళ్లు అన్నీ 316 గ్రేడ్ వేద్దాం అంటున్నారు.

రెసిన్ వెండర్ మొత్తం మార్చమని కొటేషన్ ఇచ్చాడు. సోమవారం పర్చేజ్ మీటింగ్. సంతకం పెట్టేయమంటారా?

బాయిలర్‌హౌస్_77:
రెసిన్ వయసెంత? అయిదారేళ్లు దాటితే మార్చేయండి బ్రదర్, కడగడం అంతా టైమ్ వేస్ట్. బోరు నీళ్లు కలుపుతున్నారేమో అది కూడా చూసుకోండి.

పాత_షిఫ్ట్_కెమిస్ట్:
బాబూ, సంతకం వారం పాటు ఆపు.

నేను థర్మల్ స్టేషన్ డీఎం ప్లాంట్‌లో ఆపరేటర్‌గా చేరి షిఫ్ట్ కెమిస్ట్‌గా రిటైర్ అయ్యాను. కాటయాన్ రెసిన్ నల్లబడిందంటే అందరూ నీళ్ల వైపే చూస్తారు. నువ్వు ఇచ్చిన లెక్క ప్రకారం నీళ్లు బాగానే ఉన్నాయి. కానీ ఆ వెసెల్‌లోకి నీళ్లు ఒక్కటే పోవు. ప్రతి రీజనరేషన్‌కీ యాసిడ్ కూడా పోతుంది. ఆ యాసిడ్‌లో ఐరన్ ఎంత ఉందో నువ్వు రాయలేదు. బహుశా ఎవరూ చూసి ఉండరు. చాలా ప్లాంట్లలో ట్యాంకర్ వచ్చినప్పుడు స్ట్రెంగ్త్ టైట్రేట్ చేసి, 30 శాతం ఉంటే దించుకుంటారు. అక్కడితో అయిపోతుంది.

నువ్వు "సంబంధం ఉందో లేదో తెలియదు" అన్న సంగతే నాకు ముఖ్యంగా కనిపిస్తోంది. ట్యాంక్ చుట్టూ ఎస్‌ఎస్ తినేసిందంటే పొగ బయటికి వస్తోంది. పొగ బయటికి వస్తున్న ట్యాంక్‌ని ఎవరూ సరిగ్గా చూడటం లేదని అర్థం. అలాంటి ట్యాంక్‌కి లోపల లైనింగ్ ఎలా ఉందో నమ్మకంగా చెప్పలేం. హార్డ్ రబ్బర్‌కి ఒక చిన్న బెజ్జం పడినా, ఒక అంచు లేచినా, యాసిడ్ వెనక్కి దూరి ఉక్కుని తింటుంది. తిన్న ఉక్కు ఎక్కడికీ పోదు. యాసిడ్‌లో కరిగి, మెజరింగ్ ట్యాంక్ (యాసిడ్ కొలిచి పంపేది) మీదుగా నీ రెసిన్ మీదకే వస్తుంది.

కాబట్టి ముందు రెండు సీసాలు పట్టు. ఒకటి ట్యాంకర్ నుంచి, దించకముందు. రెండోది స్టోరేజ్ ట్యాంక్ అవుట్‌లెట్ నుంచి. రెండూ తెల్ల కాగితం ముందు పెట్టి చూడు. రెండూ ఒకే రంగులో ఉంటే తప్పు సప్లయర్‌ది. ట్యాంకర్‌ది లేత పసుపులో ఉండి ట్యాంక్‌ది చిక్కగా ఉంటే తప్పు మీ ట్యాంక్‌ది. తర్వాత ల్యాబ్‌లో ఐరన్ నంబర్ తీయించు, కంటితో చూసిన దాన్ని మీటింగ్‌లో ఎవరూ ఒప్పుకోరు.

మీ ప్లాంట్ కౌంటర్ కరెంట్ అయ్యుంటే ఇంకా తేలిక. యాసిడ్ కింద నుంచి వస్తుంది కనక బెడ్ అడుగు నల్లబడితే యాసిడ్‌ని, పైభాగం నల్లబడితే నీళ్లని అనుమానించవచ్చు. కో-కరెంట్‌లో రెండూ పై నుంచే వస్తాయి. అందుకే మీకు సీసాలే గతి.

316 సంగతి. దాని మీద డబ్బు పెట్టొద్దని ప్రాజెక్ట్స్ వాళ్లకి గట్టిగా చెప్పు. స్టెయిన్‌లెస్‌ని కాపాడేది పైన ఉండే పల్చటి క్రోమియం ఆక్సైడ్ పొర. క్లోరైడ్ ఆ పొరని అక్కడక్కడా చీల్చి లోపలికి గుంటలు తవ్వుతుంది. మాలిబ్డినమ్ ఉంది కాబట్టి 316 ఉప్పు గాలికి 304 కంటే బాగా నిలుస్తుంది. హెచ్‌సీఎల్ పొగకి మాత్రం రెండూ లొంగేవే. కొంచెం ఆలస్యంగా అవే బెజ్జాలు. ట్రేలూ రెయిలింగులూ ఎఫ్‌ఆర్‌పీలో (గ్లాస్ ఫైబర్ కలిపిన ప్లాస్టిక్) చేయించుకోండి. అంతకంటే ముందు పొగ ఆపండి. వెంట్ మీద ఫ్యూమ్ స్క్రబ్బర్ (పొగని నీళ్లతో కడిగేది) ఉందా? ఉంటే దాంట్లో నీళ్లు తిరుగుతున్నాయా? ట్యాంకర్ దించేటప్పుడు వెళ్లి నిలబడి చూడు. మిగతా రోజుల్లో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. దించే ఆ అరగంటలోనే ట్యాంక్‌లో ఉన్న పొగంతా బయటికి తోసుకొస్తుంది.

ఆ చుట్టుపక్కల ఇన్సులేషన్ కట్టిన వేడి ఎస్‌ఎస్ లైన్లు ఏమైనా ఉన్నాయా? ఉంటే వాటి మీద క్లాడింగ్ (పైరేకు) తీయించి చూడు. క్లోరైడ్ చేరి తడిసిన ఇన్సులేషన్ కింద, 60 డిగ్రీల పైన ఉన్న ఎస్‌ఎస్ పైపు బయటికి తుప్పేమీ చూపించకుండానే పగుళ్లిస్తుంది. రెయిలింగ్ తుప్పు అందరికీ కనిపిస్తుంది కనక దాన్ని ఎవరో ఒకరు మారుస్తారు. ఇది కనపడదు.

క్యూసీ_ల్యాబ్_పటాన్‌చెరు:
సార్ చెప్పిన టెస్టులకి ల్యాబ్ వైపు నుంచి రెండు మాటలు.

ఐరన్‌కి థయోసయనేట్ వేస్తే ఎర్రగా వస్తుంది కదా అని అదొక్కటే చేసి వదలకండి. ఐరన్ రెండు రూపాల్లో ఉంటుంది, ఫెర్రస్, ఫెర్రిక్. థయోసయనేట్ ఫెర్రిక్‌కే రంగిస్తుంది. ఉక్కు యాసిడ్‌లో కరిగినప్పుడు ముందు వచ్చేది ఫెర్రస్. గాలి తగిలాక మెల్లగా ఫెర్రిక్ అవుతుంది. అందుకని శాంపిల్‌ని బాగా పలచన చేసి, ఒక చుక్క హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి అప్పుడు థయోసయనేట్ వేయండి. నంబర్ కావాలంటే ఆర్థోఫెనాంథ్రోలిన్ పద్ధతి మేలు. అందులో హైడ్రాక్సిలమీన్ వేస్తాం కాబట్టి మొత్తం ఐరన్ వస్తుంది. బ్లాంక్‌కి (పోల్చి చూసే శాంపిల్) ఏఆర్ గ్రేడ్, అంటే ల్యాబ్ శుద్ధి యాసిడ్ వాడండి.

క్లోరిన్ గురించి ఎవరైనా యాసిడ్‌లో పొటాషియం అయొడైడ్ వేసి గోధుమ రంగు చూపించి "క్లోరిన్ ఉంది" అంటే నమ్మకండి. ఫెర్రిక్ ఐరన్ కూడా అయొడైడ్ నుంచి అయొడిన్‌ని విడిపిస్తుంది. ఫెర్రిక్ ఐరన్ ఉన్న యాసిడ్‌కి ఆ టెస్ట్ పాజిటివ్ వస్తుంది. తడిపిన స్టార్చ్-అయొడైడ్ కాగితాన్ని సీసా మూతి దగ్గర, యాసిడ్ తగలకుండా పట్టుకోండి. క్లోరిన్ ఆవిరితో పాటు పైకి వస్తుంది, ఐరన్ రాదు. పక్కనే మంచి యాసిడ్ సీసా మీద ఇంకో కాగితం కూడా పట్టుకుని పోల్చండి. యాసిడ్ పొగలో గాలికే కాగితం నెమ్మదిగా నీలం తిరుగుతుంది. వెంటనే తిరిగిందా, ఆలస్యంగానా అన్నదే తేడా. హుడ్‌లో చేయండి, గాగుల్స్ పెట్టుకుని.

ఇంకొకటి. ఈ యాసిడ్ బై-ప్రొడక్ట్ యాసిడా? ఏదో ఆర్గానిక్‌ని క్లోరినేట్ చేస్తే వచ్చే హెచ్‌సీఎల్ తక్కువ ధరకి దొరుకుతుంది. దాంట్లో క్లోరినేటెడ్ సాల్వెంట్ల జాడలు ఉండొచ్చు. ఐఎస్ 265 (హెచ్‌సీఎల్‌కి భారతీయ ప్రమాణం) అని సర్టిఫికెట్ మీద రాసి ఉన్నా సరే, ఎక్కడ ఎలా తయారైందో అడిగి రాయించుకోండి.

అచ్యుతాపురం_యుటిలిటీ:
సార్, మేడమ్, చాలా థ్యాంక్స్. ఫలితాలు ఇవి.

ట్యాంకర్ శాంపిల్‌లో ఐరన్ 60 పీపీఎం. మా ట్యాంక్ అవుట్‌లెట్‌లో 310. రంగులో కూడా తేడా స్పష్టంగా ఉంది, ట్యాంక్‌ది డికాషన్ టీ లాగా. అయొడైడ్ కాగితం రెండు సీసాల మీదా ఒకేలా నెమ్మదిగా తిరిగింది, కాబట్టి క్లోరిన్ లేదనుకుంటున్నాం. యాసిడ్ మాత్రం మేడమ్ అన్నట్టు బై-ప్రొడక్టే. పోయిన వానాకాలం నుంచి పర్చేజ్ వాళ్లు సప్లయర్‌ని మార్చారని ఇప్పుడే తెలిసింది. మూత తీస్తే పొగతో పాటు కొంచెం తియ్యటి వాసన కూడా ఉంది.

ట్యాంక్ అడుగు నాజిల్ ఫ్లాంజ్ దగ్గర తుప్పు చార కనిపించింది. మెకానికల్ వాళ్లు ట్యాంక్ ఖాళీ చేసి, కడిగి, బయటి నుంచి ఒక ప్లేట్ వెల్డ్ చేసేద్దాం అంటున్నారు. ఆదివారం షట్‌డౌన్ ఉంది. మరి రెసిన్ సంగతి ఏం చేయమంటారు?

పాత_షిఫ్ట్_కెమిస్ట్:
వెల్డింగ్ వద్దు. ఈ ఒక్కటీ ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు, మిగతాది తర్వాత చదువు.

యాసిడ్ లైనింగ్ వెనక ఉక్కుని తిన్న ప్రతిచోటా హైడ్రోజన్ పుడుతుంది. రబ్బర్ వెనక బుడగల్లో అది నిలిచి ఉంటుంది. ట్యాంక్ ఖాళీ చేసి నీళ్లతో కడిగినా ఆ బుడగల్లోది పోదు. వెనక దాగిన యాసిడ్ ఇంకా పనిచేస్తూ కొత్త హైడ్రోజన్ పుట్టిస్తూనే ఉంటుంది. బయటి నుంచి వెల్డ్ చేసినా ఆ వేడి లోపలికి చేరుతుంది. రబ్బర్ కూడా కాలుతుంది. లైన్డ్ వెసెల్ మీద ఏ హాట్ వర్కూ ఉండకూడదు, గ్రైండింగ్ కూడా. లోపలికి మనిషి దిగాలంటే కన్‌ఫైన్డ్ స్పేస్ పర్మిట్, గ్యాస్ టెస్ట్, గాలి, బయట కాపలా మనిషి. ఆదివారం షట్‌డౌన్ అనే తొందరలో ఇవి ఎగరగొట్టడానికి వీల్లేదు. నీ మాట వినకపోతే సేఫ్టీ ఆఫీసర్‌తో రాతపూర్వకంగా ఆపించు.

ఇప్పుడు లెక్క చూద్దాం. మీటింగ్‌కి ఇదే పట్టుకెళ్లు.

లీటర్ రెసిన్‌కి 70 గ్రాముల హెచ్‌సీఎల్ వాడుతున్నారనుకుందాం. 1500 లీటర్లకి 105 కిలోలు. 30 శాతం యాసిడ్‌గా 350 కిలోలు. అందులో 310 పీపీఎం అంటే ఒక్కో రీజనరేషన్‌కి సుమారు 108 గ్రాముల ఐరన్. అదే నీళ్ల వైపు నుంచి, 0.1 పీపీఎం చొప్పున 150 ఘనపు మీటర్లకి 15 గ్రాములు. అంటే రెసిన్‌ని శుభ్రం చేయడానికి పంపేది నీళ్లకంటే ఏడు రెట్లు ఐరన్ మోసుకొస్తోంది. ఇదంతా రెసిన్ మీదే నిలిచిపోదు, చాలా భాగం డ్రెయిన్‌లోకి పోతుంది. కానీ రిన్స్‌లో యాసిడ్ పలచబడే కొద్దీ మిగిలిన ఐరన్ పూసల్లో కూర్చుంటుంది. రెసిన్ రేపు కొత్తది వేసినా ఇదే యాసిడ్ పోస్తే ఇదే రంగు వస్తుంది. కొటేషన్ మీద సంతకం వద్దన్నది అందుకే.

ట్యాంకర్ యాసిడ్‌లో 60 ఉన్నప్పుడు కూడా 21 గ్రాములు వస్తుంది. అదీ తక్కువేం కాదు, కానీ తేడా ఉన్న 250 పీపీఎం మీ ట్యాంక్ ఉక్కే. తియ్యటి వాసన అన్నావు కనక రబ్బర్ ఎందుకు పోయిందో కూడా ఊహించవచ్చు. క్లోరినేటెడ్ సాల్వెంట్ రబ్బర్‌ని ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది, అంటిన చోట ఊడదీస్తుంది. యాసిడ్‌కి ఏళ్ల తరబడి నిలిచే లైనింగ్ సాల్వెంట్‌కి నిలవదు. ఫ్లాంజ్ ముఖం మీదకి రబ్బర్ మడిచిన చోటు ముందు లేస్తుంది. నీ తుప్పు చార సరిగ్గా అక్కడే ఉంది. ఇదే యాసిడ్ మెజరింగ్ ట్యాంక్‌లోకీ కాటయాన్ వెసెల్‌లోకీ కూడా పోతోంది కదా, వాటి లైనింగ్‌కి కూడా స్పార్క్ టెస్ట్ (హై వోల్టేజ్ ప్రోబ్‌తో బెజ్జాలు వెతికేది) పెట్టించు. ప్రోబ్‌ని ఒకేచోట ఆపి ఉంచకుండా కదుపుతూ ఉండమను. ఆపితే మంచి రబ్బర్‌కే బెజ్జం పడుతుంది.

కాబట్టి ఈ ట్యాంక్‌ని పక్కన పెట్టి, మంచి యాసిడ్ హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ బారెళ్లలో తెప్పించుకోండి. పీపీ (పాలీప్రొపిలీన్) పంపుతో నేరుగా మెజరింగ్ ట్యాంక్‌లోకి పోయండి. ధర ఎక్కువే. రీలైనింగ్ అయ్యేదాకా ఇదే దారి.

రెసిన్ ఇంకా బతికుందో లేదో ముందు తెలుసుకోవాలి. బెడ్ పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి కొంచెం కొంచెం తీసి కలిపి ల్యాబ్‌కి పంపు. తేమ శాతం, టోటల్ కెపాసిటీ, విరగని పూసల శాతం, ఐరన్, ఈ నాలుగూ అడుగు. తేమే అన్నిటికంటే ముందు చూడాల్సింది. ఈ రెసిన్ పాలీస్టైరీన్ గొలుసుల్ని డైవినైల్‌బెంజీన్‌తో ముడివేసి చేస్తారు, మామూలుగా 8 శాతం. హెచ్ (హైడ్రోజన్) రూపంలో కొత్త రెసిన్‌లో తేమ 50, 55 శాతం దగ్గర ఉంటుంది. క్లోరిన్ లాంటి ఆక్సిడెంట్లు తగిలితే ఆ ముడులు తెగుతాయి, ఐరన్ పక్కన ఉంటే ఇంకా తొందరగా తెగుతాయి. ముడులు తెగిన పూస నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. తేమ 60 దాటిందంటే దాన్ని ఏ యాసిడూ బాగుచేయలేదు, మార్చాల్సిందే. వేలితో నలిపితే మెత్తగా పిండిలా అయ్యేది ఆ రెసినే. తేమ మామూలుగా ఉండి ఐరన్ మాత్రం ఎక్కువుంటే కడిగితే వస్తుంది.

కడగడం ముందు బీకర్‌లో. 100 మిల్లీలీటర్ల రెసిన్, ఐరన్ లేని 10 శాతం హెచ్‌సీఎల్, రాత్రంతా నానబెట్టు. పొద్దున యాసిడ్ పచ్చటి పసుపుకి తిరిగి రెసిన్ తేటపడితే ప్లాంట్‌లో చేయొచ్చు. ప్లాంట్‌లో అయితే గాలితో కలియబెట్టి దీర్ఘంగా బ్యాక్‌వాష్ చేసి, ముందు 5 శాతం, తర్వాత 10 శాతం ఎక్కించు. గాఢత దించేటప్పుడు కూడా ఒక్కసారిగా నీళ్లు వదలకు. చిక్కటి యాసిడ్ నుంచి మంచినీళ్లలోకి హఠాత్తుగా మారితే పూసలు ఆ వత్తిడికే పగులుతాయి. లోపలి డిస్ట్రిబ్యూటర్లు ఎస్‌ఎస్‌వి కావని ముందే డ్రాయింగ్‌లో చూసుకో. నానిన యాసిడ్ ఈటీపీకి (వ్యర్థ జలాల శుద్ధి ప్లాంట్), న్యూట్రలైజ్ చేసే వాళ్లకి ముందుగా చెప్పి.

బాయిలర్‌హౌస్_77 గారూ, వయసు చూసి మార్చడం అనయాన్‌కి కొంతవరకు సరే, అది మూడు నుంచి అయిదేళ్లలో బలహీనపడుతుంది. కాటయాన్ బాగా చూసుకుంటే అంతకంటే చాలా ఎక్కువ కాలం పనిచేస్తుంది. మంచి రెసిన్‌ని పారేస్తే నాకు బాధేస్తుంది, అది కొన్న డబ్బు గురించి మాత్రమే కాదు.

ఎఫ్‌ఆర్‌పీ_వర్క్‌షాప్_జీడిమెట్ల:
రీలైనింగ్ బదులు ఎఫ్‌ఆర్‌పీ ట్యాంక్ అని మీటింగ్‌లో ఎవరో ఒకరు తప్పక అంటారు, అందుకే రాస్తున్నా. మేం చేసేది అదే పని.

హెచ్‌సీఎల్‌కి బిస్‌ఫినాల్-ఏ ఎపాక్సీ వినైల్ ఎస్టర్ రెసిన్ (ఇది డీఎం పూసలు కాదు, గ్లాస్ ఫైబర్‌ని పట్టి ఉంచి గట్టిపడే ద్రవం) బాగా నిలుస్తుంది. ధర తగ్గించడానికి లోపల కూడా మామూలు పాలియెస్టర్ వేస్తానన్నవాడిని పంపించేయండి. లోపలి పొరే అసలు ట్యాంక్. సీ-గ్లాస్ లేదా సింథటిక్ వెయిల్ (పల్చటి పొర), దాంట్లో 90 శాతం దాకా రెసినే ఉండాలి. దాని వెనక చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్, మొత్తం కలిపి రెండున్నర, మూడు మిల్లీమీటర్ల అడ్డుగోడ. ఆ తర్వాతే బరువు మోసే పొరలు. హెచ్‌సీఎల్ చిన్న అణువు, మెల్లగా లోపలికి ఇంకుతుంది. అది మామూలు ఈ-గ్లాస్ దాకా చేరితే గ్లాసులో ఉన్నవి కరిగించేస్తుంది. లోపల రంగు వేయించుకోకండి. పారదర్శకంగా ఉంటేనే బుడగలూ పగుళ్లూ కనిపిస్తాయి.

తీసుకునే రోజు ఒక గుడ్డకి అసిటోన్ పూసి లోపల గట్టిగా రుద్దండి. ఆరాక జిగురుగా అంటితే సరిగ్గా క్యూర్ (గట్టిపడటం) కాలేదు. బార్‌కాల్ (గట్టిదనం) రీడింగులు మీ ముందే తీయమనండి, నాజిళ్ల దగ్గర కూడా. సైట్‌లో రిపేర్ చేసే కుర్రాళ్లకి ఒక మాట: రెసిన్‌ని గట్టిపరచడానికి వాడే కోబాల్ట్‌నీ ఎంఈకేపీ (పెరాక్సైడ్) కెటలిస్ట్‌నీ ఎప్పుడూ నేరుగా కలపకూడదు. పేలుతుంది. కోబాల్ట్ ముందు రెసిన్‌లో పూర్తిగా కలిపాకే కెటలిస్ట్. రెండు డబ్బాలూ ఒకే అల్మరాలో కూడా పెట్టకండి.

ఇంత చెప్పినా, సాల్వెంట్ ఉన్న యాసిడ్‌కి నేను గ్యారంటీ ఇవ్వను. వినైల్ ఎస్టర్ కూడా క్లోరినేటెడ్ సాల్వెంట్‌కి మెత్తబడుతుంది. నోవొలాక్ రకం కొంత మెరుగు. ముందు ల్యామినేట్ ముక్కలు మీ యాసిడ్‌లో వేలాడదీసి నెలల వారీగా తీసి బరువు, గట్టిదనం చూద్దాం. ఏఎస్‌టీఎం సీ581 అలాంటి పరీక్షకే ఉంది.

అచ్యుతాపురం_యుటిలిటీ:
వెల్డింగ్ పర్మిట్ రద్దు చేయించాం. పర్చేజ్ వాళ్లు పాత సప్లయర్ నుంచి బారెళ్లలో యాసిడ్ తెప్పిస్తున్నారు. రెసిన్ ఆర్డర్ ల్యాబ్ రిపోర్ట్ వచ్చేదాకా ఆగింది. సార్, శాంపిల్ ఎలా పంపాలి? ఆరబెట్టి కవర్లో వేస్తే చాలా?

పాత_షిఫ్ట్_కెమిస్ట్:
ఆరబెట్టొద్దు. తేమే మనం కొలవబోయేది. ఎండిన పూస మళ్లీ నీళ్లలో పడితే పగిలిపోతుంది కూడా, అప్పుడు విరిగిన పూసల లెక్క కూడా తప్పొస్తుంది. వెడల్పు మూతి ప్లాస్టిక్ సీసాలో అర లీటర్ తీసుకుని, పూసలు మునిగేంత డీఎం నీళ్లు పోసి, మూతకి టేపు వేసి పంపు. సీసా మీద ఏ వెసెల్, ఏ తారీఖు, రీజనరేషన్ ముందా తర్వాతా అన్నది రాయి. ఆ చివరిది రాయకపోతే ల్యాబ్ వాళ్లు ఐరన్ నంబర్‌ని సరిగ్గా చదవలేరు. స్పార్క్ టెస్ట్ రిపోర్ట్ వచ్చాక ఇక్కడే పెట్టు, కాటయాన్ వెసెల్ లైనింగ్ చూసి కడగాలా వద్దా చెప్తాను.